నాలుగో అడుగు తర్వాత

ఆట రానివాళ్ళకు ఈల ఇస్తారు. ఇది ఎవరినో దెప్పడానికి అంటున్న మాట కాదు, నా సంగతే. జహీరాబాదులో నేను హైస్కూల్లో ఉన్నప్పుడు బంతి నా వైపు దొర్లుకుంటూ వస్తే, ఎదుటి జట్టు కంటే ముందు మా జట్టువాళ్ళే "ముట్టకురా, ముట్టకు!" అని మొత్తుకునేవాళ్ళు. నేను తంతే బంతికి తప్ప అన్నిటికీ తగిలేది. ఒకనాడు మా డ్రిల్లు సారు పిక్కకు తగిలింది. ఆయన కుంటుకుంటూ వచ్చి, తన మెడలోని ఈల తీసి నా మెడలో వేశాడు. "ఇగ నువ్వు బంతి జోలికి పోకు బిడ్డా. దీన్ని ఊదుకుంట తిరుగు. అందరం బతుకుతం," అన్నాడు.

అట్లా రెఫరీనయ్యాను. ఆడలేనివాడు మద్దెల ఓడంటాడట. నేను ఇంకో మెట్టు పైకెక్కి, ఆడేవాళ్ళందరి తప్పులు ఎంచే పని సంపాదించాను.

తర్వాత కోహీర్ దగ్గర ఒక పల్లెలో చిన్న పిల్లలకు చదువు చెప్పే ఉద్యోగం వచ్చింది, కాపురం మాత్రం జహీరాబాదులోనే. వారమంతా పిల్లల మీద, ఆదివారం సాయంత్రం ఆటగాళ్ళ మీద పెత్తనం. ఊళ్ళో ఈల ఊదితే సరిపోదని, హైదరాబాదు పోయి రెఫరీ పరీక్ష కూడా రాశాను. మూడోసారికి పాసయ్యాను. మొదటిసారి రాతలో పోయింది. రెండోసారి పరుగులో పోయింది. నేను మైదానం చుట్టూ పరుగెత్తి గీత దగ్గరకు వచ్చేసరికి పరీక్ష పెట్టిన ఆయన చాయ్ తాగడానికి పోయాడు. మూడోసారి నా మీద జాలిపడ్డారని మా ఇంటామె అంటుంది. ఏమైతేనేం, ఆ సర్టిఫికెట్టుకు పటం కట్టించి దేవుళ్ళ పటాల వరుసలో తగిలించాను. ఆమె దానికి మాత్రం బొట్టు పెట్టేది కాదు.

మా మైదానం రైలు పట్టాల పక్కన. మొరం నేల, పడితే మోకాలి తోలు నేలకే దక్కేది. ఒక కొస పల్లం, ఇంకో కొస మెరక. గోలు స్తంభాలు రెండు నీలగిరి బొంగులు, పైన అడ్డకర్ర బదులు తాడు. గాలి వీస్తే ఆ తాడు పైకీ కిందికీ ఊగేది, గోలు ఎత్తు గాలిని బట్టి మారేది. గూడ్సు బండి పోతున్నంతసేపు ఆట ఆపి అందరూ కూర్చునేవాళ్ళు, ఎందుకంటే దాని చప్పుడులో నా ఈల ఎవరికీ వినబడదు. ఇవన్నీ మా ఊరి రూళ్ళు. అన్నిటికంటే పెద్ద రూలు, మూడు కార్నర్లు దొరికితే ఒక పెనాల్టీ. ఇది ఎవరు పెట్టారో తెలియదు గానీ, ఊళ్ళో పుట్టిన ప్రతివాడికీ తెలుసు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, పరీక్ష పాసై వచ్చిన తొలి ఆదివారమే ఆ రూలు కొట్టేశాను. పుస్తకంలో లేదు కాబట్టి లేదన్నాను. మైదానం పక్కన మేకలు మేపుకునే ఒక ముసలాయన గీత దాటి లోపలికొచ్చి నిలదీశాడు.

"మూడు కార్నర్లకు పెనాల్టీ లేదంటే, ఇగ కార్నర్ ఎందుకు కొడ్తరు సారూ?"

ఈల ఊది ఆయన్ను బయటికి పంపాను. ఆట అయ్యాక చూస్తే నా సైకిలు రెండు చక్రాల్లోనూ గాలి లేదు. మేకలు చేసే పని కాదని నాకు అప్పుడే అనుమానం.

ఆ తర్వాత డెబ్బయిల చివర్లో మా దాకా వచ్చినవి పసుపుపచ్చ, ఎర్ర కార్డులు. ప్రపంచమంతా ఏనాడో వచ్చాయట, మా దగ్గరికి రావడానికి వాటికి బస్సు దొరకలేదు. హైదరాబాదులో కొనుక్కోవచ్చని తెలియక నేనే చేసుకున్నాను. ఎర్రదానికి పిల్లల గాలిపటం కాయితం అతికించాను. పచ్చదానికి ఇంట్లో ఉన్న పాత పెండ్లి శుభలేఖను సగం చేసి, రెండు వైపులా పసుపు గట్టిగా పట్టించి ఎండబెట్టాను. చిరాగ్‌పల్లి వాళ్ళతో ఆటలో ఒకడు మా పిల్లగాణ్ణి కాలు అడ్డుపెట్టి పడేశాడు. నేను ఠీవిగా జేబులోంచి పచ్చకార్డు తీసి వాడి ముఖం ముందు ఎత్తి పట్టాను. వాడు దాన్ని రెండు చేతులా అందుకుని, కళ్ళకద్దుకుని అడిగాడు.

"ఎవరి పెండ్లి సారూ? ఏ తారీకు?"

మైదానమంతా పడి పడి నవ్వింది. నేను కూడా నవ్వి ఉంటే మర్యాద దక్కేది. కానీ నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వెంటనే ఎర్రకార్డు తీసి వాణ్ణి బయటికి పంపించేశాను. పెండ్లి తారీకు అడిగినందుకు ఆటలోంచి పంపేయబడినవాడు భూమ్మీద వాడొక్కడే అయి ఉంటాడు. ఇంటికొచ్చి చూస్తే చెమటకు పసుపు కరిగి నా తెల్ల నిక్కరు జేబంతా పచ్చగా అయింది. మా ఇంటామె దాన్ని ఉతుకుతూ, "ఆట చూసినోళ్ళు గీ రంగు గూడ చూసిన్రా?" అని అడిగింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కొత్త రూలు అంటే నాకు ఎంత పిచ్చో తెలియడానికి. ఆటగాళ్ళకు కొత్త రూలు ఒక కష్టం. పదేళ్ళు అలవాటు పడిన కాళ్ళూ చేతులూ ఒక్కపూటలో మార్చుకోవాలి. రెఫరీకి మాత్రం అది పండుగ. ఆ ఒక్కరోజు మైదానంలో తనకొక్కడికే తెలిసిన సంగతి ఒకటుంటుంది. నాలాంటి ఆట రాని మనిషికి అంతకంటే ఏం కావాలి?

ఇక మా కీపర్ గురించి చెప్పాలి. ఆయన గంజ్‌లో హమాలీ. గంజ్ అంటే మా వైపు ధాన్యం బజారు. మా గల్లీ మనిషే, నాకంటే రెండేళ్ళు పెద్ద. మైదానంలో నన్ను "సారూ" అనేవాడు, గల్లీలో "తమ్మీ" అనేవాడు. నేను రెండు చోట్లా "అన్నా" అనేవాణ్ణి. క్వింటాలు బస్తా లారీ మీది నుంచి జారితే వీపుతో ఆపిన మనిషి. "బస్తా పట్టినోనికి బంతి ఒక లెక్కనా తమ్మీ?" అనేవాడు. చెప్పులు కూడా లేని కాళ్ళతో ఆ మొరం మీద పక్కకు దూకి బంతి పట్టుకుంటే, చూసేవాళ్ళకు తోలు లేచినట్టనిపించేది గానీ ఆయనకు ఏమీ పట్టేది కాదు.

కానీ జనం ఆ దూకుడు చూడటానికి వచ్చేవాళ్ళు కాదు. బంతి పట్టుకున్నాక ఆయన చేసే పని చూడటానికి వచ్చేవాళ్ళు. అప్పటి రూలు ప్రకారం కీపర్ బంతి చేతిలో పట్టుకుని నాలుగడుగులకు మించి వేయరాదు. అయితే నాలుగో అడుగు తర్వాత బంతి కింద పెట్టి, కాలితో కొంచెం దొర్లించి, మళ్ళీ చేతిలోకి తీసుకుంటే ఇంకో నాలుగడుగులు దొరికేవి. ఇందులో మా అన్న ఆరితేరినవాడు. బంతి కింద పెట్టి, ఎదుటి జట్టువాడు ఆశగా ఉరికి దగ్గరకొచ్చేదాకా ఆగి, ఇంకొక్క అడుగు ఉందనగా వంగి ఎత్తుకునేవాడు. వాడు వెనక్కి తిరగ్గానే మళ్ళీ కింద పెట్టేవాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. జనం ఈలలు, చప్పట్లు.

ఈ ఆటలో నాకూ ఒక వేషముంది. అడుగులు లెక్కపెట్టేది నేనే కదా. మా బాపు గంజ్‌లో ధాన్యం కొలిచేవాడు. కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని "ఒకటి" అనరు, "లాభం" అంటారు. తర్వాత రెండు, మూడు, నాలుగు. మంచి మాటతో మొదలుపెట్టాలని పెద్దల ఆచారం. నేను బాపు పక్కన కూర్చుని నేర్చిన లెక్క అది, ఎంత చదివినా పోలేదు. బడికి ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల్ని లెక్కపెట్టమంటే "లాభం, రెండు, మూడు" అని మొదలుపెట్టాను. ఆయన మొదటి పిల్లవాణ్ణి దగ్గరకు పిలిచి, "నీ పేరు లాభమా?" అని అడిగాడు.

మైదానంలోనూ అంతే. కీపర్ అడుగు వేయగానే నా నోటి నుంచి పైకే వచ్చేది. "లాభం... రెండు... మూడు... నాలుగు." హమాలీకి కూడా అదే లెక్క. బస్తాలు అట్లాగే లెక్కపెట్టుకుంటారు. రెండు మూడు నెలలకు మా అన్న తన అడుగులు తాను లెక్కపెట్టుకోవడమే మానేశాడు. నా గొంతు మీద నడిచేవాడు. నేను "నాలుగు" అనగానే బంతి కింద పెట్టేవాడు. దొర్లించి, ఎత్తుకుని, నా వైపు చూడకుండానే ఆగేవాడు. నేను మళ్ళీ "లాభం" అంటే కాలు కదిపేవాడు. పోనుపోను జనం కూడా నాతో గొంతు కలిపారు. వంద మంది ఒక్కసారి "లాభం!" అంటే పట్టాల అవతల ఎడ్లు బెదిరేవి. ఒక రెఫరీ, ఒక కీపర్ కలిసి ఇట్లా పదేళ్ళు ఒకే మాట మీద నడిచిన ఊరు ఇంకోటి ఉందని నేననుకోను. నాకు ఆట రాదని ఊరు మరిచిపోయింది ఆ లెక్క వల్లనే.

ఎనభైల మొదట్లో ఆయన నడుము పోవడం మొదలైంది. పొద్దున లేచేటప్పుడు గోడ పట్టుకుని లేస్తున్నానని ఒకసారి నాకు మాత్రం చెప్పాడు. ముప్పయ్యైదు దగ్గరపడుతున్నాయి. ఇంట్లో ముగ్గురు పిల్లలు. నడుము లేని హమాలీకి గంజ్‌లో ఎవరూ బస్తా ఇవ్వరు. అదే సమయంలో హైవే పక్కన ఒక ఫ్యాక్టరీవాళ్ళు తమ జట్టు కోసం ఆటగాళ్ళను చూస్తున్నారని తెలిసింది. అక్కడి పెద్దసారుకు ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఆ ఏడు మా ఊరి టోర్నమెంటు ఫైనల్ చూడటానికి తానే వస్తాననీ, మంచి కీపర్ దొరికితే గేటు మీద వాచ్‌మన్ ఉద్యోగం, పర్మినెంటుగా, ఇస్తాననీ కబురు పంపాడు. వయసు ముప్పయ్యైదు దాటకూడదు. అంటే మా అన్నకు అదే మొదటి అవకాశం, అదే ఆఖరిది కూడా.

"బస్తా మొయ్యకుండ కుర్చీ మీద కూసునుడు, నెలకు జీతం. తమ్మీ, గిట్ల గూడ బతుకుతరా?" అన్నాడు నాతో. ఆయన నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ రోజు నుంచి పొద్దున్నే మైదానానికి పోయి గోడకు బంతి కొట్టుకుంటూ పట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఫైనల్‌కు ఇంకా రెండు వారాలు ఉందనగా హైదరాబాదు నుంచి నాకు టపాలో ఒక కాయితం వచ్చింది. రెఫరీల సంఘంవాళ్ళు పంపిన సైక్లోస్టైల్ కాయితం, ఇంగ్లీషులో. రూలు మారింది. కీపర్ ఒకసారి బంతిని చేతుల్లోంచి వదిలాక, ఇంకో ఆటగాడు ఎవరైనా దాన్ని ముట్టేదాకా మళ్ళీ చేత్తో ముట్టకూడదు. ముడితే అక్కడే ఎదుటివాళ్ళకు ఇన్‌డైరెక్టు ఫ్రీకిక్. డిక్షనరీ పక్కన పెట్టుకుని నాలుగుసార్లు చదివాను. కింద పెట్టి ఎత్తుకునే ఆట ఇక లేదు. అంటే మా అన్న పదేళ్ళ విద్య ఆ కాయితంలో రెండు వరుసల్లో కొట్టుకుపోయింది.

ఇది చదివి నాకు మొదట ఏమనిపించాలి? మనిషన్నవాడికి "అయ్యో, ఆయనకు చెప్పాలి" అనిపించాలి. నాకు మాత్రం, ఫైనల్‌లో జనమంతా చూస్తుండగా, ఫ్యాక్టరీ పెద్దసారు కుర్చీలో కూర్చుని ఉండగా, ఈ రూలు మీద మొదటి ఈల ఊదేది నేనే అనిపించింది. జిల్లా మొత్తంలో మొదటివాణ్ణి నేనే కావచ్చు. కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాను. రెండు వారాలు అక్కడే ఉంది. నిక్కరు మార్చినప్పుడల్లా మళ్ళీ కొత్త జేబులోకి మార్చుకున్నాను.

మా ఇంటామె కనిపెట్టింది. "ఏం కాయితమది, కన్నపిల్ల తీర్గ మోసుకతిరుగుతున్నరు?" అని అడిగితే చెప్పక తప్పలేదు. విని, చేస్తున్న పని ఆపింది.

"అన్నకు చెప్పిన్రా?"

"చెప్పొద్దు. రెఫరీకి అందరూ సమానమే. ఒకరికి ముందుగాల చెప్తే పక్షపాతమైతది."

"మరి ఇద్దరికీ చెప్పున్రి."

ఇంత తేలిక సంగతి నాకు తట్టలేదని అనుకోకండి. తట్టింది. ఇద్దరికీ చెబితే ఎవరూ తప్పు చేయరు. తప్పు చేయకపోతే నేను ఈల ఊదేదెప్పుడు? ఆమెతో మాత్రం "నీకు ఆట తెల్వదు" అన్నాను. ఈ మాట అనగలిగే అర్హత ఊళ్ళో అందరికంటే తక్కువ ఉన్నది నాకే.

ఫైనల్ ఆదివారం వచ్చింది. గంజ్ జట్టు ఒక పక్క, బీదరు వైపు నుంచి వచ్చిన జట్టు ఇంకో పక్క. న్యాల్‌కల్ నుంచి కూడా జనం ఎడ్లబండ్లు కట్టుకుని వచ్చారు. పెద్దసారుకు మధ్యగీత దగ్గర కుర్చీ వేసి, గొడుగు పట్టారు. నేను ఇస్త్రీ చేసిన నల్ల చొక్కా వేసుకుని, ఆటకు ముందు రెండు జట్ల కెప్టెన్లను పిలిచి నాణెం ఎగరేశాను. అప్పుడైనా చెప్పవచ్చు. వాళ్ళిద్దరూ నా ముందే నిలబడి ఉన్నారు. "మంచిగ ఆడున్రి," అని మాత్రం చెప్పి పంపాను.

మొదటి సగం ఒకటికి ఒకటి. మా అన్న ఆ రోజు ఆడినట్టు ఎన్నడూ ఆడలేదు. నాలుగుసార్లు ఖాయమైన గోలు ఆపాడు. ఒకసారి పక్కకు దూకి లేచేటప్పుడు చెయ్యి నడుము మీదికి పోయింది, వెంటనే పెద్దసారు వైపు చూసి చెయ్యి తీసేశాడు. కానీ ఎదురుగాలి వల్లనో ఏమో, పట్టిన బంతిని పట్టినట్టే దూరంగా కొట్టేస్తున్నాడు. కింద పెట్టడం లేదు. నాకు లోపల ఒకటే ఆరాటం. ఒక్కసారి పెట్టడా, ఒక్కసారి ఎత్తడా అని. ఇది రాస్తుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతోంది, అయినా అబద్ధం రాయలేను. ఒక అబద్ధం ఇప్పటికే చాలు.

మధ్య విరామంలో ఆయన నా దగ్గరకొచ్చాడు. మోచేతి మీద మొరం గీసుకుపోయి నెత్తురు కారుతోంది.

"సారూ, పెద్దసారు చూస్తున్నడా?"

"చూస్తున్నడు అన్నా."

"ఎట్లున్నది నా ఆట?"

"మస్తుగున్నది."

కాయితం నా జేబులోనే ఉంది. ఆయన నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

రెండో సగంలో ఇంకో పది నిమిషాలు ఉందనగా జనం అడగడం మొదలుపెట్టారు. "అన్నా, లాభం! అన్నా, లాభం!" వాళ్ళు వచ్చిందే అందుకు కదా. పెద్దసారు కూడా ఏమిటని పక్కవాణ్ణి అడగడం చూశాను. మా అన్న కూడా చూశాడు. తన విద్య చూపించాల్సిన సమయం ఇదేననుకున్నాడు. ఎత్తుగా వచ్చిన బంతిని రెండు చేతులా పట్టుకుని, కొట్టకుండా ఆగాడు. నేను లెక్క మొదలుపెట్టాను. "లాభం... రెండు... మూడు... నాలుగు." జనం నాతో పాటే అరిచారు. ఆయన బంతి కింద పెట్టాడు. దొర్లించాడు. బీదరు పిల్లగాడు ఉరికొచ్చాడు. ఇంకొక్క అడుగు ఉందనగా ఆయన వంగి బంతి ఎత్తుకుని, ఎప్పటిలాగే నా గొంతు కోసం ఆగాడు.

నేను ఈల ఊదాను.

ఆయనకు అర్థం కాలేదు. నేను లెక్క మరిచిపోయాననుకున్నాడు. బంతి గుండెకు పట్టుకుని, నా వైపు తిరిగి, మైదానంలో నన్ను "సారూ" అంటాడన్నది కూడా మరిచి, మెల్లగా అందించాడు.

"తమ్మీ, లాభం అను."

నేను చెయ్యి పైకెత్తాను. ఇన్‌డైరెక్టు ఫ్రీకిక్‌కు రెఫరీ చెయ్యి పైకెత్తి నిలబడాలి. గంజ్ జట్టు నా మీదికొచ్చింది. అప్పుడు జేబులోంచి కాయితం తీసి, మడతలు విప్పి, అంత మంది ముందర ఇంగ్లీషులో పైకి చదివాను. ఒక్కరికీ అర్థం కాలేదు. ఆ తర్వాత తెలుగులో చెప్పాను, పిల్లలకు పాఠం చెప్పినట్టు. కుర్చీలోంచి పెద్దసారు "వెల్‌డన్ రెఫరీ!" అన్నాడు. నా జీవితంలో అంత సంతోషం అంతకుముందు ఎరగను. పరీక్ష పాసైన రోజు కూడా లేదు. ఆ సంతోషంలోనే బంతి అక్కడే పెట్టించి, పది గజాలు కొలిచి గంజ్ జట్టును వెనక్కి జరిపాను. ఒకడు బంతిని పక్కకు తట్టాడు, ఇంకోడు కొట్టాడు. గోలు గీత మీద నిలబడ్డ హమాలీల కాళ్ళ మధ్య నుంచి బంతి లోపలికి పోయింది. తర్వాత మిగిలిన ఆట నాకు గుర్తు లేదు. గంజ్ జట్టు ఓడిపోయింది.

ఉద్యోగం చేజారింది ఓటమి వల్ల కాదు. ఇది నేను నా చెవులతో విన్నాను, ఎందుకంటే నాకు షేక్‌హ్యాండ్ ఇస్తూనే పెద్దసారు అన్నాడు.

"ఆట మంచిగనే ఉంది అతనిది. కానీ రూలు మారితే తెలుసుకోని మనిషి, రేపు గేటు మీద ఏం చూస్తడు?"

నేను నోరు తెరిచాను. ఆ రూలు ఊళ్ళో నాకొక్కడికే తెలుసని, నేనే చెప్పలేదని అనడానికి నాలుగు మాటలు చాలు. అప్పటికి నా చెయ్యి ఆయన చేతిలోనే ఉంది. "అవును సార్," అన్నాను. ఉద్యోగం బీదరు జట్టు కీపర్‌కు ఇచ్చారు. ఇరవై ఏళ్ళ పిల్లగాడు. నడుము గట్టిది.

ఆట అయ్యాక మైదానం ఎదుట హోటల్లో గంజ్ జట్టు నన్ను చుట్టుముట్టింది. "ఈనకు ముందే ఎరుక, కావాల్నని ఊకున్నడు," అని ఒకడు. "కాయితం పాతగున్నది, మడతలు నలిగినయి," అని ఇంకొకడు. అప్పుడు మా అన్న వాళ్ళను పక్కకు జరిపి, నా ఎదుట బల్ల మీద కూర్చున్నాడు. కోపం లేదు ఆయన ముఖంలో. అలిసిపోయి ఉన్నాడు.

"తమ్మీ, గా కాయితం ఎప్పుడొచ్చింది?"

"ఇయ్యాల పొద్దుగాల. టపాల."

ఆదివారం టపా రాదు. ఆ సంగతి అక్కడ ఎవరికీ తట్టలేదో, లేక తట్టినా ఆయన ముందు అనలేకపోయారో నాకు తెలియదు. ఆయన మాత్రం గట్టిగా ఊపిరి వదిలి, వాళ్ళ వైపు తిరిగాడు.

"ఇన్నరా? పొద్దుగాలొచ్చింది. ఆయనైనా ఏం జేస్తడు? గవర్నమెంటు రూలు మారిస్తే మనకు చెప్పి మారుస్తదా?" అని, నా చాయ్‌కి తానే చెప్పాడు.

ఇంటికొచ్చి ఈ సంగతంతా మా ఇంటామెకు చెప్పాను. ఆమెకు చెప్పకుండా ఉండలేను, అది నా ఇంకో బలహీనత. ఆమె నన్ను తిట్టలేదు. "చదవేస్తే ఉన్న మతి పోయింది," అని మాత్రం అని, అన్నం పెట్టి లోపలికి పోయింది.

ఆయన ఆ తర్వాత మైదానానికి రాలేదు. నడుము ఆడినన్నాళ్ళు బస్తాలు మోశాడు. నేను ఇంకా రెండు మూడేళ్ళు ఈల ఊదాను. కీపర్ బంతి పట్టుకుంటే నోరు మూసుకుని లోపలే లెక్కపెట్టుకునేవాణ్ణి. జనం కూడా గొంతు కలపడం మానేశారు. రూలు మంచిదే, ఆట వేగమైంది, కీపర్లు సమయం తినడం తగ్గింది. ఇంత మంచి రూలును ఎంత నీచంగా వాడుకోవచ్చో మాత్రం అందులో రాసి లేదు.

తర్వాత ఒక ఎండకాలం ఆయన మంచం పట్టాడు. దవాఖానలో చూసి, ఇక బస్తా ఎత్తవద్దన్నారు. నాకు నిద్ర పట్టడం మానేసింది. ఇక చెప్పేయాలని గట్టిగా అనుకుని ఒక సాయంత్రం వాళ్ళ ఇంటికి పోయాను. గల్లీ మొదటి నుంచి వాకిలి దాకా మాటలు కూర్చుకుంటూ పోయాను. "అన్నా, ఆ కాయితం రెండు వారాల ముందే వచ్చింది." ఇంతే. చిన్న పిల్లవాడు కూడా అప్పజెప్పగలిగే వాక్యం.

ఆయన గోడకు ఆనుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. కొత్తగా పెండ్లయిన పెద్దబిడ్డ, అల్లుడు వచ్చి ఉన్నారు. నన్ను చూడగానే ముఖం వెలిగింది. అల్లుణ్ణి లేపి నాకు కుర్చీ వేయించి, "ఈ సారు గురించే చెప్పిన నీకు," అన్నాడు. అల్లుడు నన్ను అనుమానంగా చూశాడు. ఆ ఫైనల్ కథ ఊళ్ళో వినే ఉంటాడు.

"ఊర్ల మంది ఏమేమో అంటరు," అన్నాడు మా అన్న, అల్లుడితో. "నమ్మకు. ఆ కాయితం ఈయనకు పొద్దుగాల్నే వచ్చింది. ఒక్క దినం ముందుగాల ఎరుకైనా, నాకు చెప్పకుండ ఉంటడా? నా తమ్ముడు."

ఆయన భార్య చాయ్ తెచ్చి ఇచ్చింది. అందరూ నా వైపే చూస్తున్నారు, నేను ఏదో ఒకటి అంటానని. నేను చాయ్ ఊదుకుంటూ మొత్తం తాగాను. చక్కెర జర ఎక్కువైందని మాత్రం చెప్పి, లేచి వచ్చేశాను.